వెనక బెంచీలో వదిన

లెక్కల టీచరుకి శిక్షణ తరగతులంటే ఒళ్ళు మంట. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్న తనకి ఎవరో వచ్చి కొత్తగా నేర్పేదేమిటని. ఈసారి శిక్షకుడు ఉపన్యాసం మానేసి, చుట్టుపక్కల ఊళ్ళ టీచర్లని జంటలు చేశాడు. ఒకరి క్లాసు ఒకరు చూడాలి. తప్పులెంచకూడదు, పిల్లలేం చేశారో చెప్పాలి, అంతే. ఆమెకి జంటగా పడింది ఎవరో కాదు, పక్క ఊరి బడిలో లెక్కలు చెప్పే సొంత వదినే.

"నా వంటకి వంకలు పెట్టేది చాలదూ!" అని గొణుక్కుంది.

మంగళవారం వదిన వచ్చి చిన్నపిల్లల వెనక బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. టీచరు భిన్నాల కూడిక గడగడా చెప్పేసింది. బోర్డు నిండిపోయింది. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

"ఎలా ఉంది?" అని అడిగింది, మెచ్చుకోలు కోసం చూస్తూ.

"కిటికీ పక్కన రెండు జడల పిల్ల చెయ్యెత్తి, దించేసింది. మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించేసింది. ప్రశ్న అడిగేదీ నువ్వే, జవాబు చెప్పేదీ నువ్వే. వాళ్ళకి నోరు తెరిచే సందేదీ?"

టీచరు మొహం మాడిపోయింది. "మా అన్నయ్యకి నీ దగ్గర సందు దొరుకుతోందా?"

"ఆయనకి పేపరు దొరికితే చాలు," అని నవ్వింది వదిన.

టీచరు నవ్వలేదు. వదిన బస్సెక్కి వెళ్ళిపోయాక కూడా ఉడికిపోతూనే ఉంది. కానీ ఆ మాట మాత్రం లోపల గుచ్చుతూనే ఉంది.

మర్నాడు క్లాసులో, సగమూ మూడో వంతూ కలిపితే ఎంతని అడిగి నోరు కట్టేసుకుంది. జవాబు నాలుక చివర ఆడుతోంది. వేళ్ళ మధ్య సుద్దముక్క నలిగిపోతోంది. ఎట్టకేలకు రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"అయిదింట రెండు, టీచర్."

తప్పు అనబోయి ఆగింది. "ఎలా వచ్చిందమ్మా?"

"రెండు ముక్కల్లో ఒకటి, మూడు ముక్కల్లో ఒకటి. మొత్తం అయిదు ముక్కల్లో రెండు కదండీ!"

టీచరు తెల్లబోయింది. సరిగ్గా ఈ జవాబుకే ఎన్ని ఇంటూలు కొట్టిందో! దాని వెనక ఆలోచన ఏమిటని ఏనాడూ అడగలేదు.

ఇంతలో మధ్య వరసలో ఒకడు లేచాడు. "అయిదింట రెండంటే సగం కూడా కాదుగా టీచర్! సగానికి ఇంకాస్త కలిపితే తగ్గిపోతుందా?"

క్లాసు గొల్లుమంది. ఆ పిల్లా నవ్వేసి, బోర్డు దగ్గరికి పరిగెత్తి రెండు సమానమైన కడ్డీలు గీసింది. ఒకదాన్ని రెండు చేసి, ఇంకోదాన్ని మూడు చేసి, కాసేపు తల గోక్కుంది.

"ముక్కలు ఒకే సైజులో లేవు టీచర్. రెండిట్నీ ఆరు ముక్కలు చేస్తే?"

ఆ పీరియడ్‌లో ఒక్క లెక్కే అయింది. గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

సాయంత్రం వదినకి ఫోన్ చేసింది. "ఒళ్ళు మండింది గానీ వదినా, నువ్వన్నది నిజమే."

"అయితే నా క్లాసుకి తొందరగా రా తల్లీ. దశాంశాలు మొదలెడితే చాలు, మావాళ్ళు నిద్రపోతున్నారు. ఎందుకో నాకు అంతు చిక్కట్లేదు."

"శుక్రవారం వస్తా. ముందు నువ్వెలా మొదలెడతావో చెప్పు."

వదిన చెప్పడం మొదలుపెట్టింది. అన్నయ్య భోజనం వడ్డించి కేకేసేదాకా ఇద్దరూ ఫోన్ పెట్టలేదు.