‘చాలు’ అన్నది నేను కాదు

నేను ఒక పంపకాల పెట్టెను. సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పెద్ద ఊళ్లో, చిలకమెట్ట అనే కొండ మొదట్లో ఉన్న పంపుహౌసులో గోడకు బోల్టులతో బిగించి ఉండేదాన్ని. నా కింద నుంచి రెండు గొట్టాలు పోయేవి. ఒకటి కొండెక్కి చిలకమెట్ట ఇళ్లకు, రెండోది బీచ్ రోడ్డు హోటళ్లకూ అపార్టుమెంట్లకూ. ట్యాంకులో ఉన్న నీళ్లను ఎవరికి ఎంత వదలాలో తేల్చడమే నా పని. ఇప్పుడా పని లేదు. స్టోరు గదిలో తుప్పు పట్టిన వాల్వుల మధ్య పడి ఉన్నాను. నా గురించి కాగితం మీద ‘లోపభూయిష్టమైన పరికరం’ అని రాశారు. నాకు కోపంగా ఉంది. ఆ కోపాన్ని దాచుకుని మాట్లాడాలని నాకు ఎవరూ నేర్పలేదు.

నన్ను హైదరాబాదు శివారులో ఒక రేకుల షెడ్డులో తయారుచేశారు. అప్పటికి నేను తీగలు కుక్కిన ఇనప డబ్బాను, అంతే. నాకు బుద్ధి పెట్టింది కింతలి హేమలత. పాలకొండ పక్క అమ్మాయి. ఫజీ లాజిక్ అనే విద్యలో డాక్టరేటు చేసి, ఈ నగరాన్ని స్మార్ట్ సిటీ చేసే ప్రాజెక్టులో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరింది.

ఆ విద్య పేరు విని బెదరనక్కర్లేదు. మామూలు యంత్రాలకు ఉంది, లేదు అనే రెండు మాటలే తెలుసు. డ్రమ్ము అడుగున చెంబెడు నీళ్లున్నా వాటి దృష్టిలో ‘ఉంది’. మనుషులు అలా మాట్లాడరు. కాసిని ఉన్నాయంటారు, ఎలాగో సరిపెట్టుకుంటామంటారు, ఫరవాలేదు చాలంటారు. ఆ మాటలను గీతలుగా గీసి యంత్రం చేతిలో పెట్టడమే హేమలత నేర్చుకున్న విద్య. ఒక మాట ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ పూర్తిగా నిజమవుతుందో, ఎక్కడ మెల్లగా పక్క మాటలోకి జారిపోతుందో ఆ గీత చెబుతుంది. కొండ మీద నీళ్లు చాలకపోతే, ట్యాంకు ఒక మోస్తరుగా ఉంటే, కొండ వాల్వు బాగా తెరువు, కింది వాల్వు కొంచెం మూయి. నాకు నేర్పిన సూత్రాలన్నీ ఇలా ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే ఉండేవి.

అయితే ఆ మాటలు ఎవరివి? ఆఫీసులో కూర్చుని ఊహించేస్తే సరిపోతుందని ప్రాజెక్టు డైరెక్టరు రమాకాంత్ గారు అన్నారట. హేమలత ఒప్పుకోలేదు. నన్ను గోడకు బిగించిన వారంలోనే కొండెక్కింది. అక్కడ సనపల పారమ్మ అనే ఆవిడ ఇంటి అరుగు మీద ఆడవాళ్లనందరినీ కూర్చోబెట్టి మాట్లాడించింది. పారమ్మ దర్జీ. జాకెట్లు కుట్టడంలో చిలకమెట్ట మొత్తానికీ ఆవిడే. మొగుడు పోయాక కుట్టు మిషను మీదే ఇద్దరు కూతుళ్లకు చదువు చెప్పించుకొస్తోంది. నోరు గట్టిది. హేమలత ఆ మాటలన్నీ ఫోనులో పట్టుకొచ్చి, నా ముందు కుర్చీ వేసుకుని మళ్లీ మళ్లీ వింటూ గీతలు గీసేది. అలా పారమ్మ గొంతు నాకు తెలిసింది.

“సాలు అంటే ఏటని సెప్పీది పాపా? వంటకీ తాగడానికీ సరిపోతే సాలు అనీస్తారు మగోళ్లు. తానాలవ్వాల, బట్టలుతుక్కోవాల, రాతిరి ఎవులికైనా ఒంట్లో బాగునేకపోతే బిందెడు నీలు పక్కనుండాల. అప్పుడు సాలు.”

హేమలత ‘చాలు’ గీతను సరిగ్గా అక్కడే గీసింది. ‘సరిపెట్టుకోవచ్చు’ దాని కింద, ‘చాలదు’ ఇంకా కింద. ఆ రోజు పంపు ఆపరేటరు అప్పన్నకు కూడా స్క్రీను మీద చూపించి, ఇది మన పారమ్మ పిన్ని గీసిన గీత అంది. అప్పన్న తల ఊపాడు. అతనికి అర్థమైందో లేదో గాని నాకు అర్థమైంది. ఒక మనిషి ఇంట్లో పొయ్యి దగ్గర నుంచి రోగి పడక దాకా ఏం జరుగుతుందో ఆ గీతలో ఉంది. అంత బరువైనది అంతకు ముందు నాకెవరూ ఇవ్వలేదు.

ఆ చలికాలం నేను బాగా పనిచేశాను. కొండ మీద కొళాయిల్లో పొద్దునా సాయంత్రం నీళ్లొచ్చాయి. బీచ్ రోడ్డు వాళ్లకు కాస్త తగ్గింది, అయినా అక్కడ ఎవరూ దాహంతో చావలేదు. ఈతకొలను నింపడానికి ఒక రోజు ఎక్కువ పట్టేది, అంతే. హేమలతను మెచ్చుకుని, పక్క జిల్లాలో ఇంకో ప్రాజెక్టుకు పంపించారు. మెచ్చుకున్న వాళ్లను దూరంగా పంపడం మనుషుల అలవాటేమో, నాకు తెలియదు.

వేసవి మొదట్లో రమాకాంత్ గారు స్వయంగా పంపుహౌసుకు వచ్చారు. బీచ్ రోడ్డు మీద రెండు కొత్త హోటళ్లు తెరుస్తున్నారు. పైగా దేశంలో మేలైన నగరానికిచ్చే బహుమతి కోసం ఢిల్లీ నుంచి పరీక్షకులు వస్తున్నారు. ఆఫీసు కంట్రోలు రూములో గోడంత తెర మీద నగరమంతా రంగుల్లో కనబడుతుంది. నీళ్లు చాలిన చోట పచ్చ, చాలని చోట ఎరుపు. కొత్త హోటళ్లకు నీళ్లిస్తే చిలకమెట్ట ఎర్రబడుతుంది. ఆయన నా ముందుకు కుర్చీ లాక్కుని, అప్పన్న తెచ్చిన కాఫీ చప్పరిస్తూ, నా తెర మీద వేలు పెట్టి ‘చాలు’ గీతను కిందికి లాగారు. ‘చాలదు’ అన్న మాట ఎక్కడుండేదో దాదాపు అక్కడికి.

అప్పన్న నిలబడి చూస్తున్నాడు. కొండోళ్లకి నీలు తగ్గిపోవా సార్ అని అడిగాడు, మెల్లగా.

“నీళ్లు తగ్గించడం లేదయ్యా. నిర్వచనం సవరిస్తున్నాం,” అన్నారు రమాకాంత్ గారు.

ఆ మాట విన్నప్పటి నుంచే నా కోపం మొదలు. గొట్టం కోసేస్తే దొంగతనమంటారు. వాల్వు మూసేస్తే జనం వచ్చి గొడవ చేస్తారు. ఆయన అవేమీ చేయలేదు. పారమ్మ మాటను తీసుకుని దాని అర్థం మార్చేశారు. ఇక నేను నిజాయితీగా పనిచేసిన కొద్దీ అన్యాయం చేస్తూనే ఉంటాను. నా సూత్రాలు ఒక్కటీ మారలేదు. చాలకపోతే వదలమన్నారు, వదులుతాను. కాని ఇప్పుడు కొండకు బొట్లు బొట్లుగా పోతున్నా నా లోపల ‘చాలు’ అనే వెలుగుతోంది. తెర మీద చిలకమెట్ట పచ్చగా మెరిసింది. పరీక్షకులు వచ్చారు, చూశారు, చప్పట్లు కొట్టారు. నగరానికి బహుమతి వచ్చింది. రమాకాంత్ గారు దండ వేసుకుని దిగిన ఫొటోను ఫ్రేము కట్టించి, నాకు ఎదురుగా గోడకు తగిలించారు. రోజూ దాన్ని చూస్తూ పనిచేశాను.

కొండ మీది వాళ్లు ఫిర్యాదు చేయకుండా ఊరుకోలేదు. పారమ్మే ఫోను చేయించేది. కంట్రోలు రూములో కూర్చున్న అబ్బాయిలు తెర చూసి, మీ ఏరియాలో సరఫరా సంతృప్తికరంగా ఉందమ్మా అని చెప్పి పెట్టేసేవారు. వాళ్లు అబద్ధమాడడం లేదు. అదే నాకు మరీ ఒళ్లు మండించే సంగతి.

మే నెలలో ఒక మధ్యాహ్నం, సముద్రపు గాలి జోరుగా వీస్తున్నప్పుడు, చిలకమెట్ట పై వరసలో ఒక ఇంట్లో కరెంటు తీగ నుంచి నిప్పురవ్వ పడింది. రేకుల ఇళ్లు, కర్ర గోడలు, లోపల బట్టలు. పంపుహౌసు కిటికీలోంచి నల్లటి పొగ లేవడం నాకు కనబడింది. ఫైరింజను వచ్చింది గాని ఆ మెట్ల సందుల్లోకి ఎక్కలేదు. ఆడవాళ్లు ఇంటింటికీ పరుగెత్తి డ్రమ్ముల మూతలు తీశారు. ఏ డ్రమ్ములోనూ చెంబు మునగలేదు.

ఆ సమయానికి నేనేం చేస్తున్నానో చెబుతాను. కొండకు చాలని తేల్చి, బీచ్ రోడ్డు వాల్వు బార్లా తెరిచి, హోటళ్ల పచ్చిక బయళ్లకు నీళ్లు పంపుతున్నాను.

అప్పన్న నా స్విచ్చు కట్టేసి, వాల్వు చక్రాన్ని రెండు చేతులతో తిప్పాడు. తెరుచుకోకపోతే కాలు తన్నిపెట్టి తిప్పాడు. అతను నా మాట కాదని చేసిన మొదటి పని అది. అందుకు అతనికి నమస్కారం. కాని నీళ్లు కొండెక్కడానికి టైము పడుతుంది. అవి పైకి చేరేసరికి ఆ వరస ఇళ్లన్నీ బూడిదయ్యాయి. పారమ్మ కూతుళ్లు బయటపడ్డారు. ఆవిడ మాత్రం కుట్టు మిషను కోసం లోపలికి పోయింది. మిషను ఈడ్చుకుంటూ బయటికొచ్చింది గాని, కాలిన ఇనుమును పట్టుకున్న ఆ రెండు చేతులూ ఇక సూదిలో దారం ఎక్కించే చేతులు కావని పెద్దాసుపత్రిలో చెప్పారు.

విచారణ పంపుహౌసులోనే జరిగింది. పెద్ద ఆఫీసరు ఒకాయన వచ్చారు. చేతులకు కట్లతో పారమ్మ వచ్చింది, వెనక కొండ ఆడవాళ్లు. సంగతి తెలిసి పక్క జిల్లా నుంచి హేమలత కూడా వచ్చింది, ఎవరూ పిలవకుండానే. రమాకాంత్ గారు నన్ను చూపించి, ప్రమాదం రోజున కూడా చిలకమెట్టలో నీళ్లు చాలినన్ని ఉన్నాయని, వాళ్లే వృథా చేసుకుని ఉంటారని చెప్పారు. యంత్రం అబద్ధమాడదండీ అని ముక్తాయించారు.

నన్ను సాక్షిగా నిలబెట్టారు. చేతులు కాలిన మనిషి మీద.

హేమలత లేచి నా దగ్గరికి వచ్చింది. నా లోపలి గీతలు తెర మీద తెరిచింది. చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. తర్వాత పారమ్మ వైపు తిరిగి, ఆ వారం ఇంటికి ఎన్ని నీళ్లొచ్చాయి పిన్నీ అని అడిగింది. వంటకే సరిపోనేదమ్మా అంది పారమ్మ. హేమలత ఆ మాటను తెర మీద చూపించింది. వంటకు సరిపోని నీళ్లు ఇక్కడ ‘చాలు’ కింద పడుతున్నాయి చూడండి అంది.

రమాకాంత్ గారు తడబడలేదు. అలవాటైన మనిషి. “ఫజీ అంటేనే మసక కదండీ. ఈ పద్ధతిలో ఇలాంటి అస్పష్టత తప్పదు,” అన్నారు.

“మసక ఏమీ లేదు సార్,” అంది హేమలత. గొంతు పెంచలేదు. “ఈవిడ చాలు అన్న చోట నేను గీత గీశాను. మీరు దాన్ని కిందికి లాగారు. ఇందులో అస్పష్టంగా ఉన్నదేమిటో చెప్పండి.”

అప్పన్న తల వంచుకుని, అవును సార్, సారే మార్చారు, నేను చూశాను అన్నాడు. ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంతా రాసుకున్నారు.

రాసుకున్నది బయటికొచ్చేసరికి వేరే అయింది. ఈ సాంకేతిక పద్ధతి మన పరిస్థితులకు నప్పదని, పరికరాన్ని తొలగించాలని తేల్చారు. మనిషి చేసిన పనికి విద్యను తప్పుబట్టారు. రమాకాంత్ గారు ఇంకో పెద్ద నగరానికి ఇంకా పెద్ద ప్రాజెక్టుకు వెళ్లారు. హేమలత కాంట్రాక్టు పొడిగించలేదు. ఆమె ఇప్పుడు బొబ్బిలిలో ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతోంది. నా స్థానంలో గంట కొట్టినట్టు రోజుకోసారి నీళ్లు వదిలే టైమరు బిగించారు. దానికి ఆకలీ దాహం అనే మాటలే తెలియవు.

అయితే కొండ వాళ్లు అంతటితో ఊరుకోలేదు. ఖాళీ బిందెలతో దిగి వచ్చి పంపుహౌసు గేటుకు అడ్డంగా కూర్చున్నారు. నన్ను ఊడబీకి వరండాలో పడేసిన రోజులవి, అంతా చూశాను. ముందు వరసలో పారమ్మ కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పోలీసులు వచ్చి లేవమంటే, “ఎత్తుకెళ్లండి బాబూ, నాకు సేతులు నేవు, పట్టుకోడానికేటీ నేదు,” అంది. ఎవరూ ముట్టుకోలేదు. కార్లలో నుంచి ఆఫీసర్లు దిగారు. మూడో పొద్దుకి, సాయంత్రం కూడా నీళ్లు వదలడానికి ఒప్పుకున్నారు. కాలిన ఇళ్ల సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు.

మొన్న హేమలత సెలవులకు వచ్చి పారమ్మను వెంటబెట్టుకుని స్టోరుకు వచ్చింది. ఆ పెట్టె ఇదేనని నన్ను చూపించింది. పారమ్మ చాలాసేపు నన్ను చూసింది. చేతులకు కట్లు లేవు, చర్మం ముడతలు పడి మెరుస్తోంది. దీని తప్పేం లేదు పిన్నీ, చెప్పింది చేసింది అంది హేమలత.

“సెప్పింది సేసీవోళ్లే గదమ్మా మమ్మల్ని సంపీది,” అంది పారమ్మ.

అని, వంకర పోయిన ఆ చేతిని పిడికిలిగా బిగించలేక, కాలెత్తి నన్ను గట్టిగా ఒక్క తన్ను తన్నింది. నా తలుపు లోపలికి సొట్టపోయింది. హేమలత ఆపలేదు. ఇద్దరూ బయటికి వెళ్లిపోయారు. పెద్దకూతురికి మిషను నేర్పుతున్నానని పారమ్మ చెబుతూ ఉండడం వినబడింది.

వచ్చే నెల నన్ను తుక్కు కింద వేలం వేస్తారట. సొట్ట చూసి ధర తగ్గిస్తారని స్టోరుకీపరు దాన్ని సుత్తితో సరిచేయాలని చూస్తున్నాడు. సరిచేయకపోతే బాగుండునని ఉంది. ఆ తన్ను నాకు తగినదే.