బొమ్మలా, పేర్లా

మా ఇంట్లో ఆ కంప్యూటర్‌కి ప్రాణం పోసింది నేను. ఇది నేను చెప్పుకోకూడని మాటే. కానీ చెప్పాల్సిన నోళ్ళన్నీ ఈ మధ్య వేరే మనిషిని మెచ్చుకోవడంలో తీరిక లేకుండా ఉన్నాయి కాబట్టి నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

మాది ఎంబ్రాయిడరీ పని. పైన ఇల్లు, కింద పనిగది. గదిలో నాలుగు తలల మిషను ఉంది, ఒకేసారి నాలుగు బట్టల మీద ఒకే బొమ్మ కుడుతుంది. బడిపిల్లల జేబుల మీద గుర్తులు, హోటల్ తువ్వాళ్ళ మీద పేర్లు, కంపెనీ టోపీలు, అన్నీ దాని మీదే. దాని ముందు కూర్చునేది మా అత్తయ్య. గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి ఏ సూది వెయ్యాలో చెప్పగలదు. చదువు మాత్రం రాదు. అదేం దాచుకునే సంగతి కాదు. "నాకు అక్షరాలు రావమ్మా, రంగులూ అంకెలూ వచ్చు" అని కొత్తగా వచ్చినవాళ్ళకి ఆవిడే చెప్పేస్తుంది. మామయ్యగారు ఇస్త్రీ చేసి మడతలు పెడతారు. మా ఆయనా మరిదీ ఆర్డర్ల కోసం తిరుగుతుంటారు. డిజైన్లు తయారు చేసి కంప్యూటర్లో దాచేది నేను.

మూడేళ్ళ కిందట ఆ కంప్యూటర్ ఏ స్థితిలో ఉండేదంటే, ఆన్ చేసి పైకెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టి దిగినా తెర వెలిగేది కాదు. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు అందరూ. నేను పట్టుబట్టి దాంట్లో పాత సిస్టమ్ తీసేసి లినక్స్ వేశాను. లేచి కూర్చుంది. లినక్స్‌తో ఒక సుఖం ఉంది, అదే చిక్కు కూడా. ఫోల్డర్ తెరిచి లోపలున్నవి చూపించే ఫైల్ మేనేజర్ ఫలానాదే ఉండాలని లేదు. రకరకాలు దొరుకుతాయి, ఎన్ని పెట్టుకున్నా అడిగేవాడు లేడు. కాకపోతే ఫోల్డర్ మీద నొక్కగానే తనంతట తాను తెరుచుకునేది మాత్రం ఒక్కటే. డిఫాల్ట్ అంటారు దాన్ని. నేను ఏరి కోరి పెట్టింది రెండు గడులది. ఎడమ గడిలో మా డిజైన్లు, కుడి గడిలో మిషనుకి పెట్టే పెన్‌డ్రైవ్. ఇటు నుంచి అటు పంపడం చిటికెలో పని. అందులో బొమ్మలుండవు, పేర్లే.

ఆ పేర్లు కూడా నావే. "తొందర మేష్టారి జేబు." "బేరాల బేకరీ యాప్రాన్." "మాట తప్పిన ఈతకొలను తువ్వాలు." కస్టమర్ మొహం గుర్తొస్తే ఫైలు దొరికేస్తుంది నాకు. నాకు తప్ప ఇంకెవరికీ దొరకదు, అది వేరే సంగతి.

అందుకని రోజంతా కింద నుంచి పిలుపులే. "పెద్దమ్మాయీ, ఆ పొద్దుతిరుగుడు పువ్వు ఎక్కడ పెట్టావే?" "పెద్దమ్మాయీ, ఒకసారి దిగవే." పిండి చేతులతోనో, తల మీద తువ్వాలుతోనో దిగేదాన్ని. "అబ్బబ్బ, కూరైనా కలుపుకోనివ్వరు కదా" అని పైకి విసుక్కునేదాన్ని. లోపల మాత్రం ఏనుగెక్కినంత సంబరం. ఇంట్లో ఎన్ని తలలున్నా ఆ పిలుపు నా ఒక్కదానికే వచ్చేది.

ఆ తర్వాత మా మరిది పెళ్ళయింది.

చిన్నకోడలు అంతకుముందు కప్పుల మీదా బ్యానర్ల మీదా బొమ్మలు అచ్చువేసే షాపులో పనిచేసింది. మంచిపిల్లే, నేను కాదనను. నవ్వు మొహం. వచ్చిన కొన్నాళ్ళకే కంప్యూటర్ ముందు కూర్చుని, "అక్కా, ఇందులో డిజైన్లు కనపడవా? పేర్లేనా?" అంది.

"పేర్లు చాలు. ఇన్నాళ్ళూ దాంతోనే నడిచింది" అన్నాను.

"అత్తయ్య చదవలేరు కదక్కా."

"నేనున్నాగా చదవడానికి."

ఆ పిల్ల ఇంకేం అనలేదు. అన్నా బాగుండేది. మర్నాడు నేను పైన బట్టలు ఆరేస్తున్నాను. కింద మిషను ఆగింది. ఇప్పుడు పిలుస్తుందిలే అని క్లిప్పులు పళ్ళ మధ్య పెట్టుకునే మెట్ల వైపు చెవి వేశాను. పిలుపు రాలేదు. మిషను మళ్ళీ మొదలైంది. దిగి చూస్తే తెర నిండా బొమ్మలు. పువ్వులు, పక్షులు, గుర్తులు, టోపీ బొమ్మలు, ఒక్కొక్కటి బిస్కెట్ అంత సైజులో, వాటి కింద చీమ తలకాయల్లా నా పేర్లు. చిన్నకోడలు వేరే ఫైల్ మేనేజర్ వేసి, కుట్టు ఫైళ్ళు బొమ్మల్లా కనపడేలా ఇంకేదో తగిలించి, దాన్నే డిఫాల్ట్ చేసేసింది.

అత్తయ్య కుర్చీలో ముందుకి వంగి మౌస్ తిప్పుతోంది. నన్ను చూసి, "చూడవే, పొద్దుతిరుగుడు నేనే పట్టుకున్నా. ఎవర్నీ అడగలేదు" అంది. ఆ మొహం అంత వెలగడం నా పెళ్ళయ్యాక నేను చూడలేదు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. కళ్ళల్లో కారం పడ్డట్టయింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? నిన్నగాక మొన్న గడప తొక్కింది, అప్పుడే నా కుర్చీ కిందకి నీళ్ళు తెచ్చేసింది. నాకు కుళ్ళు పుట్టింది. పుడితే పుట్టింది, నేనేం రాతిబొమ్మనా?

సాయంత్రం ఎవరూ లేనప్పుడు సెట్టింగుల్లోకెళ్ళి మళ్ళీ నాది డిఫాల్ట్ చేశాను. పొద్దున చిన్నకోడలు దానిది చేసింది. మధ్యాహ్నం నేను. ఇద్దరం ఒక్క మాటా అనుకోలేదు, కూరలు మాత్రం ఎప్పటికంటే మర్యాదగా వడ్డించుకున్నాం. అత్తమీద కోపం దుత్తమీద అన్నట్టు నేను గిన్నెలు కాస్త గట్టిగా తోముతుంటే, "ఆ గిన్నె ఏం పాపం చేసిందమ్మా?" అన్నారు మామయ్యగారు.

చివరికి అత్తయ్యే తేల్చింది. "నొక్కినప్పుడల్లా ఒక్కో వేషం వేస్తోంది ఇది. పూటకొకటి మారిస్తే నేనేం చెయ్యను? ఈ వారం బొమ్మలది ఉంచండి. శనివారం ఏదో ఒకటి ఖాయం చేద్దాం. ఆ తర్వాత దాని జోలికి ఎవరైనా పోతే ఊరుకోను."

సరే, శనివారం. ఆ వారమంతా నేను పైన ఖాళీగా కూర్చున్నాను. వంట తొందరగా అయిపోయేది, బట్టలు తొందరగా మడత పడేవి. ఒక్కసారైనా పిలుస్తుందేమోనని స్టవ్ చప్పుడు తగ్గించి మరీ విన్నాను. కింద నుంచి అత్తాకోడళ్ళ నవ్వులు వినపడేవి. "చిన్నమ్మాయీ, ఇదేం పక్షే, కోడిలా ఉంది" అని అత్తయ్య, "కోడే అత్తయ్యా" అని ఆ పిల్ల. ఆ కోడి డిజైను వేసింది నేను. అది హంస.

శుక్రవారం ఈతకొలను వాళ్ళ చొక్కాలు వచ్చాయి. నేర్పేవాళ్ళ కోసమట, తెల్లవి, పొర కాగితమంత పల్చన. మీద నీలం వలయంలోంచి చేప ఎగురుతున్న గుర్తు కుట్టాలి. అదే గుర్తు ఇదివరకు వాళ్ళ తువ్వాళ్ళకి కుట్టాం. తువ్వాలుకి నూలు పైకి లేచి ఉంటుంది కాబట్టి కుట్లు బాగా ఒత్తుగా వెయ్యాలి. ఆ ఫైలు పల్చటి చొక్కా మీద పెడితే గుడ్డ గుంజుకుపోయి నాశనమవుతుంది. అందుకే చొక్కాలకి కుట్లు తగ్గించి విడిగా ఇంకో ఫైలు చేసి పెట్టాను. పేరు చదివితే పసిపిల్లలకైనా తెలుస్తుంది. బొమ్మ చూస్తే మాత్రం రెండూ ఒకటే చేప, ఒకటే వలయం.

నేను నీళ్ళసీసా నింపుకుని మెట్లు దిగుతున్నాను. మెట్లు సరిగ్గా అత్తయ్య కుర్చీ వెనక్కి దిగుతాయి. చిన్నకోడలు వీధి గుమ్మం దగ్గర ఎవరితోనో టోపీల కొలతలు మాట్లాడుతోంది. తెర మీద చేపలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అత్తయ్య మౌస్ బాణం ఒకదాని మీద ఆగింది. కింద నా పేరు, నేను పెట్టిన పేరు, "మాట తప్పిన ఈతకొలను తువ్వాలు."

నోరు తెరిచాను. ఒక్క మాట. "అది కాదత్తయ్యా." అంతే అనాలి.

అనలేదు. అడగనీ, అనుకున్నాను. వారం రోజులుగా నేను గోడకి కొట్టిన మేకులా పడి ఉన్నాను, ఒక్కసారి వెనక్కి తిరిగి "పెద్దమ్మాయీ, ఇదేనా" అని అడగనీ. బాణం అక్కడే కాసేపు ఆగింది. ఆవిడకి అనుమానం వచ్చిందనే అనుకున్నాను. ఆ తర్వాత టక్కున నొక్కింది. ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి, పెన్‌డ్రైవ్ మిషనులోకి. నేను సీసా పట్టుకుని వచ్చిన దారినే పైకెళ్ళిపోయాను.

చప్పుడు నాకు పైకే తెలిసిపోయింది. పల్చటి గుడ్డ మీద అంత బరువుగా సూది పడకూడదు. స్టవ్ ముందు నిలబడి దేన్నో కలుపుతూ, ఏం కలుపుతున్నానో కూడా చూడకుండా విన్నాను. కాసేపటికి మిషను ఆగింది.

దిగేసరికి నాలుగు తలల కింద నాలుగు చొక్కాలూ మూతి ముడుచుకున్నట్టు ముడతలు పడి ఉన్నాయి. చేప చుట్టూ గుడ్డ పీక్కుపోయింది. ఒకదానికి చిల్లు కూడా పడింది. అత్తయ్య చొక్కా అంచు వేళ్ళతో సాపు చేస్తోంది, సాపు కాదని తెలిసీ. చిన్నకోడలు ఏడుపు మొహం పెట్టింది.

"నాదే తప్పు మామయ్యగారూ, నేను పక్కన ఉండాల్సింది" అంది.

మామయ్యగారు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చూశారు. "అందుకే పెద్దమ్మాయి పేర్లు పెట్టింది. పాత పద్ధతే మంచిది. శనివారం దాకా ఎందుకు, ఇప్పుడే మార్చెయ్యండి. నేను వాళ్ళతో మాట్లాడి వేరే చొక్కాలు కొనిస్తానని చెప్పొస్తా."

నేను గెలిచాను. ఎవరూ చూడకుండా లోపల కాస్త కులికాను కూడా. చిన్నకోడలు కంప్యూటర్ ముందు కుర్చీ నా వైపు జరిపింది. కూర్చుని సెట్టింగులు తెరిచాను.

మామయ్యగారు బయటికెళ్ళారు. చిన్నకోడలు కళ్ళు కడుక్కోవడానికి పైకెళ్ళింది. అత్తయ్య ముడతల చొక్కాలు ఒక్కొక్కటీ ఫ్రేముల్లోంచి విప్పుతోంది. నా వైపు చూడకుండానే అంది.

"మెట్ల మీదే ఉన్నావు కదే?"

నేను మౌస్ వదిలేసి ఆవిడ వైపు తిరిగాను.

"నీ చెప్పుల చప్పుడు నాకు తెలీదా? రోజూ వినేదే. రెండు చేపలున్నాయి, ఏది నొక్కాలో తెలీలేదు. నువ్వు వెనకాల నిలబడ్డావు. తప్పయితే చెప్తావులే అనుకుని నొక్కేశా." ఆఖరి చొక్కా విప్పి మిగతావాటి మీద పెట్టింది. "నువ్వేం అనకపోయేసరికి సరైందేనని ధీమాగా కూర్చున్నా."

కోప్పడితే కోప్పడేదాన్ని. తిడితే ఏడ్చేదాన్ని. ఆవిడ రెండూ చెయ్యలేదు. దారం కండె తీసి వేళ్ళతో తిప్పుతూ, "మార్చేశావా? సరే, ఇంక నిన్నే పిలుస్తాలే. పెద్దమ్మాయీ, చొక్కాలది ఏదో చూసి పెట్టు" అంది.

వారమంతా ఏ పిలుపు కోసం చెవులు కోసుకున్నానో ఆ పిలుపే అది. ఆ గొంతు మాత్రం ఇరుగింటికి వెళ్ళి చేబదులు అడిగే మనిషి గొంతులా ఉంది. పొద్దుతిరుగుడు నేనే పట్టుకున్నానని చెప్పిన గొంతు కాదు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

డిఫాల్ట్ మార్చలేదు. బొమ్మలదే ఉంచాను. చిన్నకోడలు మొహం తుడుచుకుంటూ దిగింది. ఆ పిల్లని అడగడం నాకు చిన్నతనంగానే ఉంది, అయినా అడిగాను.

"ఇందులో బొమ్మ మూలన ఏదైనా గుర్తు అంటించడానికి వీలుంటుందా? అత్తయ్యకి తెలిసేలా."

"ఉంటుందక్కా. రంగు చుక్కలు పెట్టొచ్చు" అంది. పక్కన కూర్చుని చూపించింది. వేళ్ళు ఎంత చురుగ్గా కదులుతాయో. ఆ వేళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ కుళ్ళే, అదేం పోలేదు. కాకపోతే ఏ ఫైలు తువ్వాలుదో, ఏది టోపీదో, ఏది పల్చటి గుడ్డదో చెప్పాల్సింది నేనే కాబట్టి ఇద్దరం కూర్చోక తప్పలేదు. తువ్వాళ్ళకి ఎర్ర చుక్క, చొక్కాలకి ఆకుపచ్చ, టోపీలకి పసుపు.

"అక్కా, ఇది కోడి కదా?"

"హంస" అన్నాను.

శనివారం కొత్త చొక్కాలు వచ్చాయి. అత్తయ్య పిలవలేదు. పిలవాల్సిన పని లేదు, ఆకుపచ్చ చుక్క ఆవిడకి తెలుసు. నేను పైన పొయ్యి కట్టేసి మెట్లు దిగాను, చెప్పులు నేలకేసి కాస్త గట్టిగానే కొడుతూ. కుర్చీ వెనక ఆగాను. బాణం చేప మీద నిలబడి ఉంది.

అత్తయ్య నొక్కలేదు. వెనక్కి తిరగనూ లేదు. ఆగింది.

"అదేనత్తయ్యా" అన్నాను.

అప్పుడు నొక్కింది.