గోడవైపు కుర్చీ

"సెవిలో ఆ మిషను తీసెయ్. ఓటల్లో నలుగురూ సూస్తారు" అన్నాడు బావ, నేను కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే. మేనత్త కొడుకే మొగుడు కాబట్టి పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా బావా అనే పిలుస్తున్నాను. ఈ వినికిడి మిషను పెట్టుకుని ఆర్నెల్లయింది. అంతకుముందు పదేళ్ళు, వినబడక "ఏటి?" అని నేనడిగిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ ఒకటే జవాబు. "ఏటీ లేదులే."

మా ఇంటి ఆచారమేమిటో గానీ, ఆమదాలవలసలో మా కొట్టు కట్టేసి శ్రీకాకుళం వెళ్ళి హోటల్లో తిన్నా వడ్డన మాత్రం పెద్దకోడలిదే. హోటలు వంటింటి తలుపు పక్కన చివరి కుర్చీ నాది. బిర్యానీ గిన్నె రాగానే లేచి అత్తకి, బావకి, మరిది ధర్మేంద్రకి, పిల్లలకి పెట్టి నేను కూర్చునేసరికి వాళ్ళు పెరుగన్నంలో ఉంటారు. వెనక గిన్నెల మోత, నెత్తిమీద స్పీకర్లో పాటలు. కంచంలోకి చూస్తే మాట పోతుంది, ముఖాల్లోకి చూస్తే తిండి చల్లారిపోతుంది. కిందటిసారి అందరూ పగలబడి నవ్వుతుంటే నేనూ నవ్వాను. బయటకొచ్చాక మా అమ్మాయి శ్రావణి చెప్పింది, "అమ్మా, ఆల్లు నవ్వింది నిన్ను సూసే." వారం రోజులు ఒళ్ళు మండుతూనే ఉంది.

ఇవాళ అత్తకి డెబ్బై నిండాయి. "నాను ముందెల్తన్నాను, నువ్వు అత్తని తీసుకురా" అని బావతో చెప్పి ఆటో ఎక్కేశాను. మిషను తియ్యలేదు సరికదా, అది కనబడేలా జుట్టు ముడి చుట్టాను. పదకొండున్నరకి హోటల్ ఇంకా ఖాళీ. కౌంటర్లో కొండబాబు అనే ఆయనతో, "బాబూ, నాకు సెవుడు. ఆ మూల టేబులు కావాల. పాటలు కట్టెయ్" అన్నాను. ఆ మాట నా నోటితో పైకి అనడం అదే మొదలు. సిగ్గేస్తుందనుకున్నాను, వెయ్యలేదు. ఆయన పాట కట్టేసి, మూల లైటు కూడా వేశాడు. ఇంత సులువైనదాన్ని ఇన్నేళ్ళూ అడగనందుకు ఏడుపొచ్చింది.

గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. అక్కణ్ణుంచి అందరి ముఖాలూ కనబడతాయి. మా ఇంట్లో అది మగాళ్ళ చోటు.

బావ అందరినీ వెంటబెట్టుకుని వచ్చి నన్నూ, నా చెవినీ చూశాడు. "ఆ సివరికెల్లి కూకో. గిన్నెలందుకోవాల గదా" అన్నాడు. పెదాలు చూస్తూ విన్నాను. ఒక్క ముక్క పోలేదు.

"ఎల్లను బావా. నువ్వు ఎదురుగా కూకో. మొకం అవుపిస్తే నాకు మాట తెలుస్తాది."

అత్త తల దించుకుని ఏదో గొణిగింది.

"అత్తా, తలెత్తి తిట్టు. సగమే ఇనిపించింది" అన్నాను.

ధర్మేంద్ర పెళ్ళాం దీపిక కిసుక్కున నవ్వింది. అత్త తలెత్తి, "ఏటే నీ ఏసాలు, పుట్టినరోజు పూటా అంటన్నాను" అంది. కోపంగానే అంది. అయినా మా ఇంట్లోవాళ్ళు అన్న మాటే నాకోసం మళ్ళీ చెప్పడం పదేళ్ళలో ఇదే మొదలు.

బిర్యానీ గిన్నె తెచ్చి సరిగ్గా నా ముందే పెట్టారు. అందరి చేతులూ కంచాల దగ్గర ఆగిపోయాయి. నిజం చెప్పొద్దూ, అలవాటుకొద్దీ నా కాళ్ళు లేవబోయాయి. లేస్తే ఈ ముఖాలన్నీ మళ్ళీ పోతాయి. గరిటె తీసి బావ చేతిలో పెట్టాను.

"నువ్వు ఒడ్డించు బావా. నాను మాటలు ఇంటన్నాను."