ఏడో కుండీ చెప్పిన చాడీ

బాక్టీరియా తోక ముక్క తగిలితే చాలు, ఆకు గగ్గోలు పెడుతుంది. చెవికి వినిపించే గగ్గోలు కాదు. ఆకు కణాల గడప దగ్గర కాపలావాళ్ళలాంటి ప్రొటీన్లుంటాయి, గ్రాహకాలంటారు. తోక ముక్కని అవి పసిగట్టి లోపలికి కబురంపగానే కణం ఘాటైన ఆక్సిజన్ చిమ్ముతుంది. దానికి మేం కలిపే మందు తోడైతే వెలుగొస్తుంది. మన కంటికి ఆనదు, యంత్రానికి ఆనుతుంది.

నేను పెంచిన ఎనిమిది కుండీల్లో మొక్కలకి ఆ కాపలావాడు పుట్టుకతోనే లేడు. కాబట్టి వాటి ఆకులు నోరెత్తకూడదు. అది చూపిస్తేనే ఈ పని నా చేతిలో ఉంచుతానన్నారు మా ల్యాబ్ నడిపే మేడమ్. లేదంటే సోమవారం నుంచి మళ్ళీ గాజు సామాను కడుక్కోవడమే.

ఏడు మొక్కలు బుద్ధిగా నోరు మూసుకున్నాయి. ఏడో నంబరు కుండీది మాత్రం దీపాల వరసలా వెలిగింది.

"ఏంటమ్మాయ్, నీ మూగమొక్క కచేరీ పెట్టింది?" అన్నారు మేడమ్.

"ఆకు ముక్కలు తారుమారు చేశానేమోనండీ."

"చేశావా?"

"లేదండీ."

"అయితే సాయంత్రంలోగా కారణం పట్టుకురా."

ఆ మొక్క నుంచి మళ్ళీ మూడు ముక్కలు కోసి యంత్రంలో మూడు చోట్ల పెట్టాను. మూడూ ఒకేలా వెలిగాయి. తప్పు నా చేతిది కాదు, మొక్కలోనే ఏదో ఉంది. గ్రీన్‌హౌస్‌కి వెళ్ళాను.

అక్కడ బాబాయ్ కుండీలకి నీళ్ళు పెడుతున్నాడు. మా అందరికీ బాబాయే. మేడమ్ ఇక్కడ చదువుకునే రోజుల నుంచీ ఆ నీళ్ళ గొట్టం ఆయన చేతిలోనే ఉంది.

ఏడో కుండీ ముందు కూర్చుని చూశాను. చీటీ నాదే, రాతా నాదే. కానీ నేను చీటీ ఎప్పుడూ కుడివైపు గుచ్చుతాను, ఇది ఎడమవైపుంది. మిగతా కుండీల్లో మట్టి మీద పాచి పట్టింది, ఇందులో మట్టి కొత్తగా గుల్లగా ఉంది.

"బాబాయ్, ఈ మొక్క మారిందేం?"

"మారక? మొక్కన్నాక ఎదుగుతుంది."

"మట్టి కూడా ఎదుగుతుందా?"

బాబాయ్ కుళాయి కట్టేశాడు. "పోయిన వారం చచ్చిపోయిందమ్మా. అంతకుముందు రెండాకులు ఎండితేనే నువ్వు అన్నం మానేశావ్. అందుకని మామూలు మొక్కల ట్రేలోంచి ఒకదాన్ని తెచ్చి పెట్టాను. అచ్చు గుద్దినట్టు దాని అక్కలా ఉంది. ఎవరు కనిపెడతారులే అనుకున్నా."

"ఆకే కనిపెట్టింది బాబాయ్. దానికి కాపలావాడున్నాడుగా."

"ఓసి దీని దుంపతెగ! రోజూ నీళ్ళు పోసిన నన్నే పట్టించిందా!"

ఇద్దరం మేడమ్ గదికి వెళ్ళాం. బాబాయ్ టోపీ తీసి చేతిలో నలుపుతూ ఉన్నదంతా చెప్పాడు.

మేడమ్ నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగారు. "ఏడో కుండీ తీసెయ్. ఎందుకు తీశావో ఉన్నదున్నట్టు రాయి. పని నీదే." తర్వాత బాబాయ్‌ని అడిగారు. "ఇన్నేళ్ళలో ఇలా ఎన్నిటికి ప్రాణం పోశావ్?"

"ఇదొక్కటేనమ్మా." టోపీ ఇంకోసారి నలిపాడు. "ఇంకో రెండు. మీరు చదువుకునేటప్పుడు. మీరూ ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు కదా."

మేడమ్ నవ్వు ఆగిపోయింది. లేచి, బీరువా పైనుంచి తన చదువు రోజుల నాటి దుమ్ము పట్టిన నోటుపుస్తకం దించారు.

"కూర్చో బాబాయ్," అన్నారు. "ఏయే కుండీలో చెప్పు."