పరాయి బురద

సాయంత్రమయ్యేసరికి శశిధరన్ చొక్కా, ప్యాంటు వరద శిబిరం పెట్టిన బడి వెనక కుళాయి దగ్గర ఓమన ముందు వచ్చి పడేవి. వాటినిండా ఎవరెవరి ఇళ్ళ బురదో. పంపానది వరద తగ్గి ఊరు బయటపడగానే, కోట్టయం నుంచి సాయానికి వచ్చిన కుర్రాళ్ళ జట్టులో చేరిపోయాడు ఆమె మొగుడు మహానుభావుడు. పొద్దున్నే పార భుజాన వేసుకుని వెళ్ళి ఊళ్ళో ఇళ్ళన్నీ కడిగి వస్తున్నాడు. సొంత ఇంట్లో మాత్రం మోకాలి లోతు బురద అలాగే ఉంది. ఎండ తగిలేకొద్దీ సిమెంటులా బిగుసుకుంటోంది. ఇంకొన్నాళ్ళు పోతే గునపం కూడా దిగదు. అత్తగారు కార్త్యాయని బడి బెంచీల మీద పడుకోలేక, ఇంటికెప్పుడు వెళ్తామని సతాయిస్తోంది. అడిగేది కోడల్ని, కొడుకుని కాదు.

శిబిరంలో అందరికీ వంట ముగించుకుని ఓమన ఒక్కతే వెళ్ళి గోకేది. ఒక మూల తేలేసరికి నడుం విరిగిపోయేది. ఒక్కరోజు మనింటికి రమ్మంటే, "ముందు దిక్కులేనివాళ్ళు. మనింటికి నువ్వున్నావు కదా," అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరి వంటగదిలోనో గొంతుక్కూర్చుని గిన్నెలు తోముతున్న శశిధరన్‌ని జట్టు కుర్రాళ్ళు వీడియో తీసి పంపితే, శిబిరమంతా ఫోనులో చూసి మురిసిపోయింది. ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలని పక్క చాప మీది తంగమ్మ బుగ్గలు నొక్కుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ తిన్న కంచం తియ్యని మనిషికి గిన్నెలు తోమడం వచ్చన్నమాట. ఓమనకి కడుపు మండిపోయింది. చేతకాదనుకుని ఇన్నాళ్ళూ క్షమించింది. చేతనైనదంతా బయటివాళ్ళ కోసం దాచుకున్నాడని ఇప్పుడు తెలిసింది. మెచ్చుకునేవాళ్ళు ఎదురుగా ఉంటే తప్ప అతనికి చేతులు లేవవు.

మర్నాడు జట్టుకి ఇళ్ళు పురమాయించే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్లా పైఊరిదే, ఎవరు ఎవరికేమవుతారో తెలియదు. మగదిక్కు లేని ఇళ్ళకే ముందు వెళ్తామంది. ఓమన తన ఇంటి గుర్తులు చెప్పి వచ్చేసింది.

మధ్యాహ్నం ఓమన ఇంట్లో బురద గోకుతుండగా కుర్రాళ్ళు గట్టు దిగి వచ్చారు. వాళ్ళ వెనకాలే శశిధరన్. పక్కింటికేమో అనుకున్నట్టున్నాడు, వాకిట్లోకి వచ్చాక అడుగు పడలేదు. పెళ్ళాం వైపు చూడకుండా, ఇది మా ఇల్లేనని నసిగాడు.

జట్టు పెద్ద బిత్తరపోయాడు. "ఏంటక్కా, మగదిక్కు లేదన్నారట. ఈయనున్నారుగా?"

ఓమన పార గోడకానించి, చేతులు దులుపుకుంది.

"ఊరికున్నాడు బాబూ. ఇంటికే లేడు."