సెంట్రింగు విప్పిన రోజు

నూర్ అహమ్మద్ మేస్త్రీ తాపీ కడుక్కోని పక్కన పెట్టినాడో లేదో, వాన పట్టుకొనింది.

కుందుర్పి దగ్గర ఆ పల్లెలో చినుకు రాలి ఏడు నెలలైంది. జనమంతా వాకిళ్లలోకి వచ్చి తడుస్తా నవ్వుతాండారు. ఈశ్వరి ఒక్కతే అప్పుడే పోసిన తమ ఇంటి పచ్చి స్లాబు తట్టు చూసి, ఈ పొద్దు కాదు సామీ, రేపు రాకూడదా అని లోపల్లోపలే మొక్కుకొనింది. మొక్కుకున్నందుకు సిగ్గుపడింది కూడా. ఆమె మొగుడు తిప్పేష్‌కు నలభై గొర్రెలు. వాన కోసం అతను మొక్కని దేవుడు లేడు.

టార్పాలిన్లు, ఎరువు సంచులు, చివరికి మంచం మీది బొంత కూడా నిచ్చెనెక్కి పైకి మోసినారు. ఒక పక్క కప్పితే గాలి ఇంకో పక్క లేపేసింది. గంటసేపు కురిసి వాన నిలిచేసరికి గోడల మీద బూడిదరంగు చారలు దిగినాయి. సిమెంటు పాలు కారిపోయినాయని ఎవరూ చెప్పకుండానే ఈశ్వరికి తెలిసిపోయింది.

ఆ స్లాబు కోసం రెండేండ్లు ఓర్చుకున్నారు. అంతకు ముందుండే మట్టి మిద్దె ఒక తుపానుకు సగం కూలిపోతే, అప్పటికప్పుడు రేకులేసుకున్నారు. ఎండాకాలం ఆ రేకుల కింద పెనం మీద కూర్చున్నట్టే. మబ్బు పట్టినప్పుడు ఇంకా అన్యాయం. గాలాడదు, ఉక్కకు ఊపిరాడదు. మిషను మీద జాకెట్లు కుట్టేటప్పుడు చెమట గుడ్డ మీద పడకుండా ఈశ్వరి భుజాన తువ్వాలు వేసుకోని కూర్చునేది. అత్త చౌడమ్మ పొద్దెక్కుతానే గొర్రెల కొట్టం నీడకు పోతే, మళ్లా పొద్దుగూకినాకే ఇంట్లోకి వచ్చేది. స్లాబు పనికని రేకులు విప్పినప్పటినుంచి ముగ్గురూ ఆ కొట్టంలోనే ఉండారు.

తెల్లారి మేస్త్రీ పైకెక్కి చూసినాడు. స్లాబు మీద చిన్న చిన్న గుంటలు పడి, కంకర అక్కడక్కడ బయటికి కనపడతాంది. మేకు తీసుకోని నాలుగు చోట్ల గీకి చూసినాడు.

పక్కింటి శశికుమార్ కూడా పైకెక్కి చూసినాడు. బెంగళూరులో నాలుగేండ్లు కట్టడం పనులు చేసొచ్చినోడు. సత్తువంతా నీళ్లతో పోయింది, పచ్చిగా ఉన్నప్పుడే కొట్టేసి మళ్లా పోసుకోండి, గట్టిపడినాక కొట్టాలన్నా కష్టం, కింద నిలబెట్టిన సెంట్రింగు కట్టెలు తీసిన రోజు నెత్తిన పడుతుంది అన్నాడు. చెడు కోరి చెప్పిన మాట కాదది. అందుకే ఎక్కువ భయమేసింది.

తిప్పేష్ ఎటూ తేల్చుకోలేక పెండ్లాం మొహం చూసినాడు. ఈశ్వరి మేస్త్రీ దగ్గరికి పోయి సూటిగా అడిగింది.

"అన్నా, ఇది నీ ఇల్లయితే ఏం చేస్తావు?"

నూర్ అహమ్మద్ చేతిలో మేకును అటూ ఇటూ తిప్పినాడు.

"ఉంచుతానమ్మా. దెబ్బ తగిలింది పై చర్మానికే. దానికి గట్టిగా సిమెంటు పూత వేస్తా. పది, పదిహైదు దినాలకు విప్పే సెంట్రింగును ఇరవై ఎనిమిది దినాలకు విప్పుదాం. నీళ్లు మాత్రం ఒక్క పూట కూడా ఆరనీకండి."

ఆ మాటను పట్టుకోని వాళ్లు నెల్లాళ్లు బతికినారు. స్లాబు మీద మట్టితో మళ్లు కట్టి, బోరు నీళ్లు బిందెలతో మోసి పోసేది ఈశ్వరి, పొద్దున పది, సాయంత్రం పది. ఎండకు మళ్లలో నీళ్లు ఊరికే ఇంకిపోయేవి. వంగి చూడబోయిన ప్రతిసారీ యాడన్నా గీత కనపడుతుందేమోనని భయపడేది. మేస్త్రీ ఎక్కడెక్కడో పనులున్నా మూడు దినాలకొకసారి బండేసుకోని వచ్చి, పైకెక్కి, కాలితో తట్టి చూసి పోయేవాడు. కాఫీ తాగమంటే వద్దనేవాడు.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున్నే ఇద్దరు కూలోళ్లతో వచ్చినాడు. ఇంటోళ్లను వాకిలి దాటి నిలబడమన్నాడు. కూలోళ్లనూ లోపలికి రానీలేదు. సుత్తి తీసుకోని తానొక్కడే పోయినాడు.

లోపల నుంచి ఒక్కొక్క కట్టె పడతాంటే ఆ చప్పుళ్లను ఈశ్వరి లెక్కపెడతాంది. తిప్పేష్ ఆమె మోచేయి పట్టుకోని నిలబడినాడు. శశికుమార్ కూడా వచ్చి గోడ పక్కన చేతులు కట్టుకోని ఉండాడు. కట్టెలయినాక వాటి మీద పరిచిన రేకు పలకలు ఊడిపడినాయి. దుమ్ము లేచింది.

"రాండి," అన్నాడు మేస్త్రీ లోపల్నుంచి.

ఈశ్వరి అడుగు పెట్టి తలెత్తి చూసింది. బూడిదరంగు కప్పు ఈ గోడ నుంచి ఆ గోడకు చాపలాగ చదునుగా పరుచుకోని ఉంది. గీత లేదు. పైన మళ్లలో పొద్దున పోసిన నీళ్లు నిలిచే ఉన్నా, కింద చెమ్మ మచ్చ ఒక్కటీ లేదు. నమ్మకం కుదరక స్టూలెక్కి అరచేత్తో రుద్ది చూసింది. పొడిగా ఉంది. అక్కడే, స్టూలు మీదే నిలబడి ఏడ్చింది.

శశికుమార్ నాలుగు మూలలూ తిరిగి చూసినాడు. నేనే తొందరపడినానన్నా, అని మేస్త్రీతో అన్నాడు.

నూర్ అహమ్మద్ గోడకు ఆనుకోని కింద కూలబడినాడు. మొహమంతా దుమ్ము. నీళ్లిస్తే చెంబెడు గటగటా తాగేసినాడు.

"నువ్వడిగిన రోజు ధైర్యంగా చెప్పినా గానీ తల్లీ," అన్నాడు మెల్లగా, "నాకూ నిద్రలేదు. ముప్పై ఏండ్ల పనిలో ఇట్ల పచ్చి స్లాబు ఎప్పుడూ తడవలేదు. అందుకే ఈ పొద్దు ఎవరినీ లోపలికి రానీలేదు."

లోపలికి ఒక్కడే ఎందుకు పోయినాడో ఈశ్వరికి ఇప్పుడు అర్థమైంది. అన్నం తినిపోవాల్సిందేనన్నా అనింది. ఈసారి అతను వద్దనలేదు. రాగి సంగటి, చెనిగ్గింజలు నూరిన ఊరిబిండి పచ్చడి పెడితే రెండు ముద్దలు తిని, మూడోది అడిగి పెట్టించుకున్నాడు. తిప్పేష్ గొర్రెలు తోలుకోని పోవాల్సింది కూడా మరిచిపోయి, అతని పక్కనే కూర్చోని ఊరికే నవ్వుతాండాడు.

మేస్త్రీ పోయినాక ఈశ్వరి వాకిట్లో కట్టెలు సర్దుతాంటే, చౌడమ్మ లోపల ఒక్కతే తిరిగి చూస్తా కోడలిని పిలిచింది. ఖాళీ ఇల్లు కదా, ముసలామె గొంతు ఖంగుమని మోగింది. తన గొంతుకు తానే బెదిరి నిలబడిపోయింది.

"ఇంకొకసారి పిలువు అత్తా," అనింది ఈశ్వరి బయటి నుంచి, ఆ మోత మళ్లా వినాలని.