తాతయ్య ఎడమకాలు, మీ అమ్మ కలిపిన వైర్లు

దగ్గరికి జరుగు, ఇంకాస్త. ఆ ఫోను పక్కన పెట్టు, ఎక్కడికీ పారిపోదు. మీ అమ్మ ఇంట్లో లేదు కాబట్టి ఇప్పుడే చెప్పెయ్యాలి. ఉంటే మధ్యలో దూరి "అలా కాదమ్మా" అంటూ తన పాట తను పాడుతుంది.

మీ తాతయ్యకు పక్షవాతం వచ్చిందని నీకు తెలుసుగా. అప్పటికి నువ్వింకా పుట్టలేదు. చెయ్యి తొందరగానే దారికొచ్చింది కానీ ఎడమకాలు మొండికేసింది. ఆయన దానికి "అల్లుడుగారు" అని పేరు పెట్టారు. ఎంత బతిమాలినా లేవదు, పని చెబితే అలుగుతుంది అని. మీ నాన్న ఎదురుగా ఉంటే మాత్రం ఆ పేరు ఎత్తేవారు కాదులే.

జబ్బు రాకముందు ఆయన బాడుగ కారు నడిపేవారు. ఆటోమేటిక్ బండి. దాని గేర్‌బాక్సు చెడిపోతే, పాతసామాను కొట్లో అదే రకం బండిది, చేత్తో గేర్లు వేసేది, ఒకటి దొరికింది. దాన్ని బిగించారు, క్లచ్ పెడలూ పెట్టారు. ఇక వైరింగు ఒక్కటే మిగిలిందనగా మంచాన పడ్డారు. కారు షెడ్డులో, ఆయన మంచంలో. రెండింటికీ కదలిక లేదు.

నడక వచ్చాక మనిషికి కుదురు పోయింది. వరండా నుంచి షెడ్డుకి, షెడ్డు నుంచి వరండాకి కర్ర టకటకలాడిస్తూ ఒకటే తిరుగుడు. తను కూర్చోరు, నన్ను కూర్చోనివ్వరు. ఎడమకాలితో క్లచ్ పూర్తిగా తొక్కగలిగితే నడపొచ్చు, లేకపోతే ఆ ఊసే వద్దన్నాడు డాక్టరు. ఈయన ఆ మాట పట్టుకుని తేల్చేశారు.

"వైరింగు అవగానే కూర్చుంటా. నా కాలితో స్టార్టయిందా, సరే. కాలేదా, బండి అమ్మేద్దాం. ఇక స్టీరింగు ముట్టను."

స్టీరింగు లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు.

మీ అమ్మ అప్పటికే బళ్ళ వైరింగు పనిలో చెయ్యి తిరిగింది. బోనెట్ ఎత్తి మొదలుపెట్టింది. నేను పక్కన స్టూలు వేసుకుని అడుగుతుంటే పని ఆపకుండానే చెప్పేది. ఆటోమేటిక్ బండి గేరు పార్కులోనో న్యూట్రల్లోనో ఉంటేనే స్టార్టవుతుందట. ఆ సంగతి కనిపెట్టే స్విచ్చి పాత గేర్‌బాక్సుతో పాటే పోయింది, దాని వైర్లు మాత్రం వేలాడుతున్నాయి. ఇప్పుడు వాటిని క్లచ్ పెడలు కింద పెట్టిన చిన్న స్విచ్చికి కలపాలి. పెడలు అడుగు దాకా దిగితేనే ఆ స్విచ్చి నొక్కుకుంటుంది, అప్పుడే స్టార్టరు తిరుగుతుంది. ఆ కాపలా లేకపోతే, గేరులో ఉండగా ఎవరైనా తాళం తిప్పారంటే బండి ఎదుటివాళ్ళ మీదికి దూకుతుంది. రివర్సులో వెనక వెలిగే తెల్లలైట్ల వైర్లు కూడా ఆ కట్టలోనే ఉన్నాయి. అవి కొత్త గేర్‌బాక్సు మీదున్న వేరే స్విచ్చికి వెళ్ళాలి.

తాతయ్య కర్ర ఆనించి లోపలికి వంగారు.

"అమ్మడూ, ఆ రెండు వైర్లూ ముడేసి టేపు చుట్టెయ్యి. మధ్యలో క్లచ్ గొడవెందుకు?"

"కుదరదు నాన్నా."

"న్యూట్రల్లో పెట్టే తాళం తిప్పుతానే. నిన్న మొన్న నేర్చుకున్నవాణ్ణా?"

"ముడేస్తే ఎవరూ తొక్కకపోయినా స్టార్టవుతుంది. ఇంక నీ కాలు ఏం చేసిందో ఎలా తెలుస్తుంది?"

"పోనీ ఆ స్విచ్చి కాస్త పైకి జరుపు."

"అల్లుడుగారికి పీట ఎత్తు చెయ్యాలా? జరపను."

"ఏమే, విన్నావా దీని మాటలు?" అని నా వైపు తిరిగారు.

"పంతంలో మీ కూతురే," అన్నాను.

పంతం పట్టినాయనే దొంగదారి వెతుకుతున్నారంటే లోపల ఎంత బెదురుందో చూడు.

మధ్యాహ్నానికి పని అయింది. ఆయన గేరు న్యూట్రల్లో పెట్టుకుని సీట్లో సర్దుకున్నారు. మీ అమ్మ ముందు ఇంజను దగ్గర నిలబడింది. నాకు ఆయన ముఖం చూసే ధైర్యం లేక కారు వెనక్కి వెళ్ళిపోయాను.

తాళం సగం తిప్పి, మూలుగుతూ క్లచ్ తొక్కారు. మిగతా సగం తిప్పారు. చప్పుడు లేదు. కాలు తీసి మళ్ళీ తొక్కారు. లేదు.

"అడుగు దాకా తొక్కు నాన్నా."

"తొక్కుతూనే ఉన్నా."

మరోసారి. లేదు. ఆయన తాళం మీంచి చెయ్యి తీసేశారు.

"చాలమ్మడూ. అమ్మేద్దాం."

కేక వేసినా బాగుండేది. మెల్లగా అన్నారు. మీ అమ్మ ముఖం మాడిపోయింది. "పోనీ ముడేసేస్తాలే నాన్నా," అంది. "వద్దు," అన్నారాయన, డోరు వైపు కాలు జరుపుకుంటూ.

నాకు వెనక నుంచి ఒక సందేహం. "అది కాదే, బండి రివర్సులో లేదు కదా. మరి ఈ తెల్లలైట్లెందుకు వెలుగుతున్నాయి?"

"ఏ లైట్లమ్మా?"

"ఇవేనే. ఈయన మూలిగినప్పుడల్లా వెలిగాయి. కాలు తీస్తే ఆరిపోయాయి."

స్పానరు అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, తొక్కు." వెలిగాయి. "వదులు." ఆరాయి. "మళ్ళీ తొక్కు." మళ్ళీ వెలిగాయి. మీ అమ్మ అలాగే నేల మీద చతికిలబడింది.

"వైర్లు తారుమారు చేశాను నాన్నా. స్టార్టరువి గేర్‌బాక్సుకిచ్చి, లైట్లవి నీ క్లచ్‌కి కలిపాను."

ఆయన వంగి పెడలు కిందికి చూశారు. "అంటే, కింద స్విచ్చి నొక్కుకుందా?"

"నొక్కుకోకుండా లైట్లెలా వెలుగుతాయి? నీ కాలు అడుగు దాకా వెళ్ళింది. తొక్కిన ప్రతిసారీ."

"నా కాలిని అనుమానించావు గానీ నీ చేతిని అనుమానించావా?"

"నువ్వు మాత్రం? అమ్మేద్దామన్నదెవరు?"

మీ అమ్మ వైర్లు మార్చినంతసేపూ ఆయన సీటు దిగమన్నా దిగలేదు. మంచినీళ్ళు కూడా కిటికీలోంచే అందించాను. "దిగితే అల్లుడుగారి మనసు మారుతుంది," అన్నారు.

ఈసారి తొక్కి తాళం తిప్పగానే ఇంజను గరగరమని అందుకుంది. మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని గేటు దాకా వెళ్ళారు. సరిగ్గా గేటులో బండి ఆగిపోయింది. వెనక నేను, ముందు రోడ్డు మీద హారన్లు. ఆయన నింపాదిగా క్లచ్ తొక్కారు, స్టార్టు చేశారు. నాలుగు అడుగులు వెళ్ళి మళ్ళీ ఆపారు, మళ్ళీ తొక్కారు. కాలు అలవాటు తప్పి ఆగుతోందని మీ అమ్మ అంటుంది. నాకు మాత్రం, మళ్ళీ తొక్కి చూసుకోవడానికే కావాలని ఆపారేమోనని ఇప్పటికీ అనుమానం.

ఇదంతా మనసులో పెట్టుకో. రేపు నీ పిల్లలకి చెప్పు. మీ అమ్మ చెబితే వైర్లు తారుమారు చేసిన ముక్క మింగేస్తుంది. నువ్వు మింగకు తల్లీ. అది లేకుండా చెబితే ఈ కథ స్టార్టే కాదు.